డిక్కీలోకి నీళ్ళెలా వస్తున్నాయి?

కిందటి వారం కుక్కర్ గాస్కెట్ గురించి చెప్పుకున్నాం కదూ! ఈ వారం కారు డిక్కీ సంగతి చూద్దాం. కుక్కరెక్కడ, కారెక్కడ అని నవ్వుకోకండి. రెండింటి కష్టమూ ఒకటే. రబ్బరు గట్టిపడితే కుక్కర్లోంచి ఆవిరి బయటికి పోతుంది. డిక్కీలోకైతే వాననీరు లోపలికి వస్తుంది. అంతే తేడా!

వానలు మొదలయ్యాక కారు తలుపు తీయగానే ఓ రకమైన చెమ్మవాసన కొడుతుంది. సీట్ల కింద వెతుకుతాం, ఏమీ వుండదు. పిల్లలు పాలు ఒలకబోశారేమోనని వాళ్ళని కేకలేస్తాం. సెంటు సీసా ఒకటి కొని డాష్‌బోర్డు మీద పెడతాం. రెండురోజులు సెంటు వాసన, మూడోరోజు మళ్ళీ మామూలే. దానికి తోడు కారు మలుపు తిరిగినప్పుడల్లా వెనకాల ఎక్కడో నీళ్ళు తొణికిన చప్పుడు వినిపిస్తోందా? అయితే ఇక అనుమానం అక్కర్లేదు. డిక్కీ అడుగున, స్టెప్నీ టైరు పడుకునే గుంటలో నీళ్ళు చేరాయన్నమాట.

శ్రీవారితో చెబితే "వానాకాలం కదా, పోతుందిలే" అంటారు. షెడ్డుకి తీసుకెళితే మెకానిక్ కుర్రాడు చేతికందిన చోటల్లా తెల్లటి సీలెంటు పూసి పంపిస్తాడు. తర్వాతి వానకి మళ్ళీ నీళ్ళే. తప్పు మందుది కాదు. జబ్బెక్కడో చూడకుండా మందు రాశారు, అదీ సంగతి. నీళ్ళు వచ్చే చోటుని కనిపెట్టడానికి పెద్ద చదువులూ, ఖరీదైన పరికరాలూ అక్కర్లేదు. టార్చిలైటు, పాత వార్తాపత్రిక, ముఖానికి రాసుకునే పౌడరు, సుద్దముక్క, మగ్గూ బకెట్టూ చాలు. వాటికి తోడు కాస్త ఓపిక. అది మన దగ్గర ఎటూ వుంది!

కాసిని నీళ్ళేగా అనుకోకండి

అసలు ఇంత పట్టించుకోవాలా అంటే, పట్టించుకోవాలి. ఎందుకో చూడండి.

మొదటిది, స్టెప్నీ, జాకీ, పానా మూడూ వుండేది ఆ గుంటలోనే. నెలల తరబడి నీళ్ళలో నానితే జాకీ మర తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. ఏ రాత్రివేళో పిల్లలతో ఊరికెళుతుండగా టైరు పంక్చరైతే ఆ జాకీ తిరగదు. ఈమధ్య కొన్ని కార్లలో స్టెప్నీ బదులు పంక్చరు కిట్టు ఇస్తున్నారు. అదీ అక్కడే వుంటుంది, అదీ తడుస్తుంది.

రెండోది, తుప్పు. కారు అడుగురేకు లోపలివైపు నుంచి తినేస్తుంది కాబట్టి పైకి కనిపించదు. కనిపించేసరికి చిల్లు పడి వుంటుంది. అప్పుడిక టింకరింగ్ షాపులో రేకు కోసి అతకాల్సిందే. వందల్లో పోయే ఖర్చు వేలల్లోకి వెళుతుంది.

మూడోది, వెనక లైట్ల తీగలు, రివర్స్ సెన్సార్ల పెట్టెలు చాలా కార్లలో డిక్కీ పక్కగోడల్లోనే వుంటాయి. వాటికి తడి తగిలితే బ్రేకు లైటు ఒకరోజు వెలిగి ఒకరోజు వెలగదు. వెనక వచ్చే లారీవాడికి మనం బ్రేకు వేసిన సంగతి తెలియదు.

నాలుగోది, బూజు. కార్పెట్టు కింద వుండే స్పాంజి నీళ్ళు పీల్చుకుని వారాల తరబడి ఆరదు. అందులో బూజు పెరుగుతుంది. కిటికీలు మూసి ఏసీ వేసుకుంటే ఇంట్లో ఆయాసం, అలర్జీ వున్నవాళ్ళకి తుమ్ములూ దగ్గూ ఎక్కువవుతాయి.

ఐదోది అన్నింటికంటే ముఖ్యం. నీళ్ళు దూరే సందులోంచి గాలి కూడా దూరుతుంది. కారు పరిగెడుతున్నప్పుడు సైలెన్సరు నుంచి వచ్చే పొగ కొంత కారు వెనకభాగం చుట్టూ తిరుగుతుంది. డిక్కీ రబ్బరు సరిగ్గా మూసుకోకపోయినా, అడుగున బిరడాలు ఊడిపోయినా ఆ పొగ లోపలికి రావచ్చు. అందులో వుండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు, కానీ విషం. దూరప్రయాణాల్లో వెనకసీటులో కూర్చున్నవాళ్ళకి తలనొప్పి, వికారం, మగత వస్తున్నాయంటే "పడని ప్రయాణం" అని సరిపెట్టుకోకండి. వెంటనే కారు ఆపి, దిగి, గాలి పీల్చుకోండి. తేరుకోకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆ తర్వాత డిక్కీ రబ్బరూ, సైలెన్సరూ రెండూ చూపించండి.

చుక్క పడినచోట కన్నం వుండదు

పెంకుటింట్లో పెరిగినవాళ్ళకి ఈ విషయం విడమర్చి చెప్పక్కర్లేదు. మంచం మీద చుక్క పడుతోందని సరిగ్గా దాని పైన వున్న పెంకు మారిస్తే లాభం వుండదు. పగిలిన పెంకు ఎక్కడో ఎగువన వుంటుంది. నీళ్ళు వాసం వెంబడి జారి వచ్చి, వీలున్న చోట చుక్కగా పడతాయి.

డిక్కీలో కూడా అంతే. వెనక అద్దం మూలలో దూరిన నీరు రేకు మడత వెంబడి జారి, పక్కగోడ దిగి, కార్పెట్టు కిందుగా పాకి చివరికి స్టెప్నీ గుంటలోకి చేరుతుంది. అన్నింటికంటే పల్లం అదే కదా! గుంటలో నీళ్ళున్నాయని గుంటకి సీలెంటు పూయడం, మంచం తడిసిందని మంచానికి పెంకులు కప్పినట్టుంటుంది. అంచేత ఒక్కటే సూత్రం: ముందు కనిపెట్టండి, తర్వాతే పూత.

ముందు ఖాళీ చేయండి, ఆరబెట్టండి

ఒక ఎండకాసే రోజు చూసుకోండి. డిక్కీలో వున్న సామాను మొత్తం తీసేయండి. పనిలో పనిగా మీరెప్పుడో పోయిందనుకున్న గొడుగు దొరికినా దొరుకుతుంది! కార్పెట్టు, కింద వున్న అట్ట, స్టెప్నీ, జాకీ అన్నీ బయటపెట్టండి. పక్కగోడలకి వున్న లైనింగు చాలా కార్లలో ప్లాస్టిక్ మరలతోనో, క్లిప్పులతోనో వుంటుంది. నెమ్మదిగా వస్తే తీయండి, రాకపోతే బలవంతం చేయకండి. క్లిప్పులు విరిగితే మళ్ళీ కూర్చోవు.

నీళ్ళు పాత నూలుచీర ముక్కతో పీల్పించి, రేకు పూర్తిగా ఆరేవరకూ డిక్కీ తెరిచి వుంచండి. టేబుల్ ఫ్యాను పెడితే ఇంకా మంచిది. తడి వుండగా పరీక్ష చేస్తే పాత నీళ్ళేవో, కొత్త నీళ్ళేవో తెలియదు.

రేకు ఆరాక టార్చి వేసి చూడండి. నీళ్ళు నడిచిన దారి చాలాసార్లు అప్పుడే కనిపిస్తుంది. మట్టిచారలు, తెల్లటి ఉప్పుగీతలు, తుప్పురంగు కన్నీటిచారలు. వాటిని కిందనుంచి పైకి వేలితో అనుసరించండి. గీత ఎక్కడ మొదలైందో అక్కడే మీ దొంగ వున్నాడన్నమాట.

ఎప్పుడు తడుస్తోంది?

ఒక వారం గమనిస్తే సగం పని అయిపోతుంది.

* కారు నిలబెట్టి వుండగా వాన పడితే తడుస్తోందా? అయితే నీళ్ళు పైనుంచి వస్తున్నాయి. రబ్బరు బీడింగు, వెనక అద్దం, లైట్లు, కారు పైకప్పు అతుకులు చూడాలి.

* వాన వెలిశాక, తడిరోడ్డు మీద నడిపినప్పుడే తడుస్తోందా? అయితే చక్రాలు చిమ్మే నీరు కిందనుంచి వస్తోంది. అడుగున వున్న రబ్బరు బిరడాలు, బంపరు వెనక వున్న గాలి కిటికీలు చూడాలి.

* వానే లేదు, అయినా తడుస్తోందా? వెనక అద్దానికి వైపరూ, నీళ్ళు చిమ్మే పైపూ వున్న వేగన్ ఆర్ లాంటి కార్లలో ఆ సన్నపైపు లోపలే ఊడిపోవడమో, చిట్లడమో జరుగుతుంది. అద్దం కడుగుదామని మీట నొక్కినప్పుడల్లా నీళ్ళు అద్దం మీదికి బదులు డిక్కీలోకి పోతాయి. నీళ్ళలో సబ్బువాసన వుంటే ఇదే కారణం.

* కారుని ఏటవాలుగా ఆపినప్పుడే తడుస్తోందా? ఏవైపు పల్లంగా వుందో గుర్తుపెట్టుకోండి. నీళ్ళు ఆ వైపుకే జారతాయి.

* ముందుసీట్ల కాళ్ళ దగ్గర తడుస్తోందా? అది డిక్కీ సంగతి కాకపోవచ్చు. ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టం మూసుకుపోయినా అలా అవుతుంది. అది వేరే చూపించండి.

ఇంకో చిన్నమాట. వాన వెలిసిన వెంటనే డిక్కీ ఎత్తితే మూత మీది నీళ్ళు జారి లోపల పడతాయి. అది లీకు కాదు. ముందు మూత తుడిచి, తర్వాత ఎత్తండి.

ఇంట్లో చేసే నాలుగు పరీక్షలు

కాగితం పరీక్ష: వార్తాపత్రికని రెండంగుళాల వెడల్పు ముక్కగా కత్తిరించండి. సగం లోపల, సగం బయట వుండేలా రబ్బరు బీడింగు మీద పెట్టి డిక్కీ మూయండి. ఇప్పుడు లాగండి. బిగుతుగా, పట్టి పట్టి రావాలి. సులువుగా జారి వచ్చేసిందంటే అక్కడ రబ్బరు నొక్కుకోవడం లేదన్నమాట. ఇలా జానెడు దూరానికొకసారి చుట్టూ చూడండి.

సుద్ద పరీక్ష: బీడింగు పైభాగమంతా సుద్దముక్కతో రుద్దండి. డిక్కీ ఒకసారి గట్టిగా మూసి తెరవండి. మూత లోపలి అంచు మీద తెల్లటి గీత చుట్టూ అచ్చుపడాలి. గీత ఎక్కడ తెగిపోయిందో అక్కడ సందు వుంది. గడపకి ముగ్గు వేసినంత సులువు!

పౌడరు పరీక్ష: ఆరిన రేకు మీద, అతుకుల కింద, లైట్ల కింద, గుంట అంచు చుట్టూ పౌడరు పల్చగా చల్లండి. మర్నాడు వాన పడ్డాక చూస్తే నీళ్ళు నడిచిన చోట పౌడరు కొట్టుకుపోయి దారి గీసినట్టు కనిపిస్తుంది. ముగ్గుపిండి వాడకండి, తడిస్తే రేకుకి అంటుకుని ఒక పట్టాన పోదు.

నీళ్ళ పరీక్ష: దీనికి ఇద్దరు కావాలి. ఒకరు మగ్గుతోనో, తోటపైపుతో సన్నధారగానో నీళ్ళు పోయాలి. ఇక్కడొక కిటుకు వుంది. పైనుంచి కాదు, కిందనుంచి మొదలుపెట్టాలి. ముందు బంపరు మీద ఐదు నిమిషాలు. లోపల చూడండి. పొడిగా వుంటే లైట్ల మీద ఐదు నిమిషాలు. మళ్ళీ చూడండి. తర్వాత మూత సందు, ఆ తర్వాత వెనక అద్దం, చివరికి పైకప్పు. మొదటే పైనుంచి కుమ్మరిస్తే నీళ్ళు అన్నిచోట్లా తడిపేసి ఎక్కడ దూరాయో తెలియకుండా పోతుంది. సర్వీసింగ్ సెంటర్లో వాడే జోరుపైపు ఈ పరీక్షకి పనికిరాదు. ఆ జోరుకి బాగున్న రబ్బర్లోంచి కూడా నీళ్ళు దూరతాయి. లోపల తీగలూ, సెన్సారు పెట్టెలూ వుంటే ముందే పాలిథిన్ కాగితం కప్పండి.

వెనకసీటు మడిచే వీలున్న కార్లలో మరొకరు సీటు మీదుగా వంగి టార్చి వేసి చూడొచ్చు. కారు తలుపులు తెరిచే వుండాలి, తాళంచెవి బయటివాళ్ళ చేతిలో వుండాలి. అంతేగానీ "నువ్వు చిన్నవాడివి, లోపల పడతావు" అని పిల్లల్ని డిక్కీలో కూర్చోబెట్టి మూత వేయకండి. ఒక్క నిమిషానికైనా సరే, ఆటకైనా సరే, వద్దంటే వద్దు. మూసిన డిక్కీలో ఊపిరాడదు, ఎండకి క్షణాల్లో వేడెక్కుతుంది. పైగా అదో ఆట అని వాళ్ళకి మనమే నేర్పినట్టవుతుంది.

మామూలుగా దొరికే దొంగలు – వాటికి మందు

రబ్బరు బీడింగు: చాలాసార్లు ఇది పాడవ్వనే పాడవ్వదు, మురికి పడుతుందంతే. కారు వేపచెట్టు కిందో, కానుగచెట్టు కిందో పెడితే ఆకులూ పూలూ రాలి బీడింగు పక్కనున్న కాలువలో కుళ్ళిపోతాయి. నీళ్ళు పారే దారి లేక పొంగి లోపలికి వస్తాయి. పాత టూత్‌బ్రష్‌తో కాలువ శుభ్రం చేసి, బీడింగుని సబ్బునీళ్ళ గుడ్డతో తుడవండి. అంచు నుంచి ఊడి వచ్చినచోట వేళ్ళతో నొక్కి కూర్చోబెట్టండి. గట్టిపడి, పగుళ్ళిచ్చి, చపాతీలా చదునైపోయిందా? కుక్కర్ గాస్కెట్ లాగే మార్చేయాలి, గత్యంతరం లేదు. మీ కారు మోడల్‌కి సరిపడే బీడింగే అడగండి. దాని అతుకు కింది అంచు మధ్యలో వచ్చేలా పెట్టించండి. కొబ్బరినూనె, కిరసనాయిలు రాయకండి. నూనెకి దుమ్ము అంటుతుంది, కిరసనాయిలుకి రబ్బరు ఉబ్బి వదులవుతుంది. రబ్బరు మెత్తగా వుండాలంటే కొద్దిగా సిలికాన్ గ్రీజు చాలు.

మూత సరిగ్గా కూర్చోకపోవడం: బీడింగు కొత్తదే అయినా కాగితం జారి వస్తోందంటే మూతే పైకి లేచి వుంది. మూత రెండు చివర్లా చిన్న రబ్బరు దిమ్మలు వుంటాయి. చాలా కార్లలో అవి మరలా తిరుగుతాయి. అరచుట్టు లోపలికి తిప్పి మళ్ళీ కాగితం పరీక్ష చేయండి. గొళ్ళెం సర్దే పని మాత్రం మెకానిక్‌కి వదిలేయండి.

వెనక లైట్లు: లైటు అద్దం లోపల ఆవిరిచుక్కలు కనిపిస్తుంటే, లైటు కింద లోపలివైపు మట్టిచార వుంటే, దాని వెనక వున్న స్పాంజి గాస్కెట్ చదునైపోయిందని అర్థం. డిక్కీ లోపలినుంచి రెండు మూడు నట్లు విప్పితే లైటు బయటికి వస్తుంది. గాస్కెట్ మార్చి, ఆ చోటు తుడిచి మళ్ళీ బిగించాలి. మరీ బలంగా బిగిస్తే ప్లాస్టిక్ చిట్లుతుంది. చేతికి బిగువు తెలియగానే ఆపేయాలి.

తర్వాత పెట్టించిన హంగులు: రివర్స్ కెమెరా, స్పాయిలరు, అదనపు బ్రేకు లైటు. ఇవి కొన్నాక బయట పెట్టించినవైతే మొదటి అనుమానం వీటి మీదే. తీగ కోసం రేకుకి రంధ్రం చేసి, రబ్బరు బుష్షు పెట్టకుండా వదిలేస్తారు. నీళ్ళు తీగ వెంబడే నడిచి వస్తాయి. రంధ్రం అంచుకి తుప్పు రాకుండా పెయింటు వేయించి, తీగకి సరిపడే రబ్బరు బుష్షు పెట్టించండి.

రేకు అతుకులు: రెండు రేకులు కలిసేచోట ఫ్యాక్టరీలోనే లప్పంలాంటి సీలరు పూస్తారు. వెనకనుంచి గుద్దుకుని బాగుచేయించిన కార్లలో రేకు సరిచేసి, రంగు వేసి, ఈ సీలరు మాత్రం మరచిపోతారు. పాతకార్లలో అది ఎండి పగుళ్ళిస్తుంది. పాతదాన్ని గీకేసి, కార్ల కోసం తయారయ్యే పాలీయురెథేన్ సీలరు పూయించాలి. బాత్‌రూము సింకులకి పూసే మామూలు సిలికాన్ వద్దు. అది ఆరుతున్నప్పుడు వెనిగర్ వాసన వస్తుంది, గమనించారా? వంటింట్లో ఇత్తడిని తినేసే పులుపు లాంటిదే ఆ ఆమ్లం. రేకు మీద తుప్పుని తెస్తుంది. పైగా దాని మీద రంగు నిలవదు.

అడుగు బిరడాలు: స్టెప్నీ గుంట అడుగున ఒకటో రెండో రబ్బరు బిరడాలు వుంటాయి. అవి వదులైనా, ఊడినా కొత్తవి పెట్టించండి. చాలా తక్కువ ఖర్చు. "నీళ్ళు తీయడమెందుకు, బిరడా పీకేస్తే వాటంతటవే పోతాయి" అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. వినకండి. నీళ్ళు పోయే దారిలోనే రోడ్డు మీది బురదా, సైలెన్సరు పొగా లోపలికి వస్తాయి.

సన్‌రూఫ్: పైకప్పు తెరుచుకునే కార్లకి నాలుగు మూలల నుంచి సన్నటి గొట్టాలు దిగుతాయి. వెనకవి మూసుకుపోతే నీళ్ళు డిక్కీలో తేలతాయి. తీగలతో పొడిస్తే గొట్టం లోపల ఊడిపోతుంది. సర్వీసు సెంటర్లోనే శుభ్రం చేయించండి.

వెనక అద్దం: అద్దం చుట్టూ జిగురు వదిలిందని నీళ్ళ పరీక్షలో తేలితే దాన్ని తీసి మళ్ళీ అతికించాల్సిందే. అది అద్దాల షాపు పని. మీరు సందులో సీలెంటు దూర్చి ఆశ పెట్టుకోకండి.

వీటిని మాత్రం ముట్టుకోకండి

సీఎన్‌జీ బండి అయితే సిలిండరు చాలావరకు డిక్కీలోనే వుంటుంది. దాని వాల్వు దగ్గర్నుంచి అడుగురేకు గుండా బయటికి పోయే గొట్టాలుంటాయి. గ్యాసు ఒకవేళ లీకైతే కారులో నిండకుండా బయటికి పోవడానికే అవి. నీళ్ళు వస్తున్నాయని వాటి నోళ్ళు మూసేయకూడదు. గొట్టం చుట్టూ వున్న సందుని కిట్టు బిగించే కేంద్రంలోనే సరిచేయించాలి. సిలిండరు పట్టీలకి తుప్పు కనిపించినా అక్కడే చూపించండి. మూడేళ్ళకొకసారి సిలిండరుకి చేయించాల్సిన పరీక్ష గడువు కూడా అప్పుడే చూసుకోండి.

విద్యుత్ కార్లలో, హైబ్రిడ్ కార్లలో నారింజరంగు తొడుగున్న తీగల జోలికి పోకండి. వాటిలో ప్రాణాలు తీసేంత కరెంటు వుంటుంది. ఆ దరిదాపుల్లో తడి కనిపిస్తే కంపెనీ సర్వీసుకే ఫోను చేయండి.

వాసన పోవాలంటే

లీకు బాగయ్యాక కార్పెట్టునీ, దాని కింది స్పాంజినీ విడదీసి రెండుమూడు రోజులు మంచి ఎండలో వేయండి. పైన ఆరినట్టున్నా స్పాంజిని పిండి చూడండి. నల్లమచ్చలు పట్టి ఎంత ఆరినా వాసన పోకపోతే స్పాంజి మార్చేయడమే మేలు. కార్పెట్టు మీద వంటసోడా చల్లి రాత్రంతా వుంచి, మర్నాడు దులిపేయండి. మూలన ఒక గుడ్డసంచిలో కట్టెబొగ్గులు పెట్టినా వాసన పీలుస్తాయి. బీరువాలో వేసే నాఫ్తలీన్ ఉండలు మాత్రం మూసిన కారులో పెట్టకండి. ఆ ఆవిరి పసిపిల్లలకి మంచిది కాదు.

రేకు మీద పైపైన తుప్పు వుంటే ఉప్పుకాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, రెడాక్సైడు, దాని మీద పెయింటు వేస్తే చాలు. గట్టిగా నొక్కితే రేకు లోపలికి పోతోందంటే మాత్రం టింకరింగ్ షాపుకే.

పాతకారు కొనబోతున్నారా?

అయితే ఇంజను చూడ్డానికి శ్రీవారు ముందుకి వెళితే మీరు వెనక్కి వెళ్ళండి! 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోనూ ఎన్నో కార్లు వరదనీళ్ళలో మునిగాయి. అలా మునిగిన కారుని పైపైన కడిగి, మెరుగుపెట్టి, సెంటు కొట్టి అమ్మకానికి పెడితే పైకి తెలియదు. స్టెప్నీ ఎత్తి గుంటలో చూస్తే మాత్రం దాగదు. మూలల్లో ఎండిన సన్నటి ఒండ్రుమట్టి, జాకీ మర మీద తుప్పు, పక్కగోడ లైనింగు వెనక ఒకే ఎత్తున అడ్డంగా నీటిగీత కనిపిస్తే అది వానచుక్కల పని కాదు. ఒక చార పైనుంచి కిందికి వుంటే లీకు, నాలుగువైపులా ఒకే మట్టంలో వుంటే వరద. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే లక్షలు మిగులుతాయి.

నెలకొక్కసారి

సామాన్ల డబ్బాలు ఎండలో పెట్టే రోజునే డిక్కీ కార్పెట్టు కూడా ఎత్తి చూసే అలవాటు చేసుకోండి. చెయ్యి పెట్టి తడిమితే అర నిమిషం పని. వానలకి ముందు మే నెలలో ఒకసారి, కోస్తా జిల్లాల్లో అయితే అక్టోబరు తుఫాన్లకి ముందు ఇంకోసారి కాగితం పరీక్ష చేయండి.

షెడ్డుకి వెళ్ళేముందు మీరు కనిపెట్టింది ఒక కాగితం మీద రాసుకోండి. "డిక్కీలో నీళ్ళొస్తున్నాయి" అని చెబితే మెకానిక్ నాలుగురోజులు కారు వుంచుకుని నాలుగు పన్లకి బిల్లు రాస్తాడు. "ఎడమవైపు వెనక లైటు మీద నీళ్ళు పోస్తే ఐదు నిమిషాల్లో లోపల చార వచ్చింది, దాని గాస్కెట్ మార్చండి" అని చెప్పి చూడండి. మీవంక ఒకసారి ఎగాదిగా చూసి, ఆ ఒక్క పనే చేసి ఇస్తాడు. తెచ్చుకునేముందు అక్కడే ఒక బకెట్టు నీళ్ళు పోయించి, లోపల చూసుకుని మరీ డబ్బులివ్వండి.

వచ్చేవారం వానాకాలంలో ఉబ్బి మూసుకోని చెక్కతలుపుల సంగతి చూద్దాం.